దొర దిబ్బ

జగన్నాధం మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు సంచిలో దేవుణ్ణి తెచ్చాడనుకున్నాను. పాతపట్నం బస్టాండులో దిగి ఎండలో నడిచి వచ్చాడు. గోనెసంచి మా అరుగు మీద దించి, చెప్పులు వీధిలోనే విడిచి, సంచికి దణ్ణం పెట్టుకుని అప్పుడు దాని మూతి విప్పాడు. లోపల గుమ్మడికాయంత పసుపు ముద్ద. ఏళ్ళ తరబడి పూసిన పసుపు, కుంకుమ, నూనె కలిసి గట్టిపడిపోయి ఉంది.

"ఇదేటో సూసి సెప్పండమ్మా. లోపల ఇంగిలీసు అచ్చరాలున్నాయని మా నాన్న సెప్పీవోడు," అన్నాడు.

నేను ఉద్యోగమంతా బళ్ళో ఇంగ్లీషే చెప్పాను. రిటైరయ్యాక ఈ చుట్టుపక్కల ఇంగ్లీషు అక్షరం ఉన్న ప్రతి వస్తువూ మా అరుగెక్కుతుంది. మందు సీసాలూ, బ్యాంకు కాగితాలూ, దుబాయి వెళ్ళే కుర్రాళ్ళ వీసాలూ అన్నీ నేనే చదవాలి. దేవుడు రావడం మాత్రం అదే మొదలు. "ఇంత పసుపు పూసి అక్షరాలు చదవమంటే నేనేమైనా సోది చెప్పేదాన్నా?" అని కసిరాను. కసరడం నాకు పాత జబ్బు. జగన్నాధం నొచ్చుకోలేదు. అరుగు చివర కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

వాళ్ళది మహేంద్రతనయ ఏటి ఒడ్డున, కొండ కిందున్న ఊరు. పేరు రాయను. రాస్తే పాత ఇనుము కొనేవాళ్ళు రేపే దిగుతారు. తెల్లవాళ్ళ యుద్ధం రోజుల్లో వాళ్ళ తాత పొలంలో ఒక విమానం కూలింది. ఊరంతా కొండెక్కి దాక్కుంది. మంటలు చల్లారాక తాత ఒక్కడే ముందు దిగాడు. రేకులు, గొట్టాలు, బూడిద తప్ప మనిషి జాడ లేదు. కొంచెం ఎడంగా గట్టు మీద మాత్రం ఒక బూటు పడి ఉంది. లేసు ముడి వేసినట్టే ఉంది, కాలు లేదు. మనిషి మొత్తం కాలి బూడిదైపోయాడని తాత తేల్చుకున్నాడు. అకాలంలో పోయినవాణ్ణి అలా వదిలేస్తే ఆ పొలం పండదు, ఆ ఇల్లు నిలవదు అన్నది వాళ్ళ నమ్మకం. అందుకని బూటునే మనిషిగా ఎంచి, కొత్త తువ్వాలు చుట్టి, అక్కడే పాతిపెట్టాడు. గుర్తుకి మీద ఈ ఇంజను ముక్క నిలబెట్టాడు. తరవాత సర్కారు వాళ్ళు వచ్చి మిగిలిన శకలాలు ఎత్తుకుపోయారు. అప్పటికే ఊళ్ళోవాళ్ళు రేకులు కొన్ని దాచుకుని గిన్నెలు చేయించుకున్నారు. ఈ ముక్కకి పసుపు పూసి ఉంది కాబట్టి సర్కారు కూడా దాని జోలికి రాలేదు.

అప్పటినుంచి ఆ చోటు దొర దిబ్బ. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, ఎవరూ చూడని ఆ దొర ఊరి నోళ్ళలో ఆరడుగుల పొడుగూ తామరపువ్వు రంగూ అయ్యాడు. నాగలి ఆ దిబ్బ చుట్టూ తిరిగి పోయేది. ఏటా పెద్దల అమావాస్యనాడు ఇంట్లో పోయినవాళ్ళందరికీ అడ్డాకు విస్తళ్ళు వేసి, పేరుపేరునా పిలిచి పెడతారు కదా, ఆ వరసలో చివర దొరకీ ఒక ఆకు. దొరలు ఏం తింటారో తాతకి తెలియదు. పర్లాకిమిడి కోటలో వంట చేసే ఒకణ్ణి అడిగితే గుడ్డూ రొట్టే టీనీళ్ళూ అన్నాడట. అలా ఉడకబెట్టిన గుడ్డు, బన్ను, గ్లాసుడు టీ. తండ్రి కాలంలో ఒక సిగరెట్టు కలిసింది.

"మా ఈశ్వరి సిగిరెట్టు తీసేసినాది," అన్నాడు జగన్నాధం. "దగ్గొస్తాదని."

ఈశ్వరి అతని భార్య. ఆ మాట చెప్పినప్పుడు నవ్వాడు, ఆ వెంటనే నేల చూపులు చూశాడు. ఆమె పోయి అప్పటికి ఆరేళ్ళు.

అతని బతుకు గురించి తరవాత తరవాత తెలిసింది, ముక్కలు ముక్కలుగా. వయసులో ఉండగా సాలూరు పోయి లారీ మీద క్లీనరుగా చేరాడట. రాయపూర్ దాకా తిరిగాడు. స్టీరింగు చేతికొచ్చే వేళకి తండ్రి పోయాడు. ఆ ఏడు అమావాస్యకి ఆకులు వెయ్యడానికి వచ్చినవాడు మళ్ళీ లారీ ఎక్కలేదు. ఈశ్వరిని చేసుకున్నాడు. కడుపు నిలవలేదు. మూడోసారి కూడా పోయాక ఆమె ఆసుపత్రి మాట ఎత్తలేదు, దేవుడి మాటా ఎత్తలేదు. సాయంత్రం కలుపు తీసి దిబ్బ పక్కన కూర్చుని దొరతో కబుర్లు చెప్పేదట. "ఈ బాబుకీ ఎవులూ లేరు, మనకీ ఎవులూ లేరు. ఒకిల్లే," అనేదట. ఆమె పోయాక ఆ చోట జగన్నాధం కూర్చోవడం మొదలుపెట్టాడు. రాత్రి బువ్వ క్యారేజీలో పెట్టుకుని అక్కడికే తీసుకుపోయి తినేవాడు. ఇంట్లో తింటే గిన్నె చప్పుడు పెద్దగా వినబడుతుందని అతని కంప్లైంటు.

"సరేనయ్యా, ఇప్పుడీ అక్షరాలతో నీకేం పని?" అన్నాను ఆ మొదటి రోజు.

"నాకు డెబ్బయి దాటిపోనాయమ్మా. నా తరవాత ఆ బాబుకి ఆకెవులేస్తారు? పొలం తీసుకుంతామన్న దాయాదులు బోల్డుమందున్నారు. ఆకేస్తామన్నోడు ఒక్కడూ లేడు. ఆ బాబు తాలూకోళ్ళు ఎవులైనా ఉంటే కబురెట్టాల. ఇన్నాళ్ళూ మేం సూసుకున్నాం, ఇంక మీవోణ్ణి మీరు సూసుకోండి అని అప్పసెప్పీయాల. అప్పుడు నాను నిమ్మళంగా పోతాను."

తన తరవాత తనకెవరు ఆకు వేస్తారన్నది ఆ మాటల్లో ఎక్కడా లేదు. నేను అడగనూ లేదు. నేనూ ఒంటి మనిషినే, కానీ నాకు పుస్తకాలున్నాయి, పాలవాడితో తగువులున్నాయి. ఇతనికి ఒక బూటు ఉంది.

పసుపు వదలగొట్టడానికి చింతపండు తీసుకున్నాను. ఇత్తడి బిందె తోమినట్టు తోముతుంటే జగన్నాధం అటు తిరిగి కూర్చున్నాడు. "మెల్లిగమ్మా, మెల్లిగ," అంటూనే ఉన్నాడు. అట్టలు అట్టలుగా ఊడి వచ్చింది. లోపల బూడిద రంగు పోత లోహం, దాని మీద రివెట్లు కొట్టిన చిన్న రేకు, రేకు మీద అంకెలు. ఫొటోలు తీసి, ఇలాంటి పాత విమానాల ఆచూకీ తీసే ఒక సంఘం ఇంగ్లండులో ఉంటే, కంప్యూటర్లో వాళ్ళకి పంపాను. జవాబు రెండో రోజే వచ్చింది. మొదటి మాటే "దయచేసి దాన్ని తోమకండి" అని. నేను చింతపండు సంగతి రాయలేదు.

తీగ దొరికింది గాని డొంక అంత తేలిగ్గా కదల్లేదు. అది హరికేన్ అనే రకం యుద్ధవిమానం ఇంజనుట. ఇంజను నంబరు తెలిస్తే విమానం నంబరు తెలుస్తుంది, అది తెలిస్తే ఆ రోజు ఎక్కినవాడి పేరు తెలుస్తుంది. చిక్కేమిటంటే యుద్ధంలో ఇంజన్లు ఒకచోట ఉండేవి కావట. అద్దెకున్నవాళ్ళు ఇళ్ళు మారినట్టు ఒక విమానంలోంచి తీసి ఇంకోదానిలో పెట్టేవారట. అందుకని మొదట తప్పు విమానం తగిలింది. దాని పైలటు బర్మాలో పోయాడని పేరు పంపారు. నేను తొందరపడి జగన్నాధానికి ఫోనులో చెప్పేశాను. అతను ఆ సాయంత్రమే దిబ్బ దగ్గరికి పోయి కొత్త పేరుతో పిలిచాడు. వారం తిరక్కుండా "పొరపాటు, ఇతను కాదు" అని వచ్చింది. మళ్ళీ ఫోను చేశాను. చెబితే, "పోన్లెండి, ఆ బాబూ ఎక్కడో దిక్కులేకుండానే పోయుంటాడు. పిలుపు ఇనుంటాడు," అన్నాడు.

వానలు పడ్డాయి. జగన్నాధం ప్రతి మంగళవారం బస్సెక్కి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా వంకాయలో, గుప్పెడు పచ్చిమిరపకాయలో తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. "ఏటైనా తెలిసినాదా?" అనేవాడు. ఇంకా లేదంటే నా దగ్గరే ఉంచిన ఇంజను ముక్కని ఒకసారి తడిమి వెళ్ళిపోయేవాడు. నాకూ ఆ మంగళవారాలు అలవాటైపోయాయి. రెండు గ్లాసుల కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టడం నాకు కొత్త. ఆ సంగతి మాత్రం అతనితో అనలేదు.

ఆ తరవాత అసలు పేరు వచ్చింది. ఎడ్విన్ హాలక్. న్యూజిలాండు మనిషి. పేరు కింద ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. అవి చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. ఎడ్విన్ హాలక్ ఆ రోజు చావలేదు. ఇంజను చెడిపోతే పారాచూటు గొడుగేసుకుని దూకేశాడు. తొంభై నాలుగేళ్ళు బతికి, పది పన్నెండేళ్ళ కిందట, తన ఊళ్ళో, తన మంచం మీద పోయాడు. కూతురు ఉంది. ఆమె జగన్నాధంతో మాట్లాడాలంటోంది.

నేను పెద్ద తెలివిగలదాన్ననుకుంటాను కదా, ఇది శుభవార్త అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మనిషి బతికాడు, కూతురు దొరికింది, అప్పజెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? మంగళవారం దాకా ఆగి జగన్నాధం ఎదురుగా చెప్పాను.

"బతికున్నోడికి పిండం ఎట్టీసినామా అమ్మా?" అన్నాడు. "మా తాత, మా నాన్న, నాను... ఎంత పాపం!"

"పాపమేమిటయ్యా! పోయాడని పుకారు పుడితేనే ఆయుష్షు పెరుగుతుందంటారు. మీరు ఏటా పెట్టారు. అందుకే తొంభై నాలుగేళ్ళు బతికాడు," అన్నాను. ఆ మాటకి కొంచెం తేరుకున్నాడు.

వీడియోలో ఆమె కనబడింది. నా ఈడుదే, తెల్లజుట్టు, నవ్వు మొహం. వాళ్ళ నాన్న కథ చెప్పింది. గొడుగు విచ్చుకున్న కుదుపుకి రెండు బూట్లూ ఊడి ఎగిరిపోయాయట. కొండకి అవతలి పక్క పడ్డాడు. అక్కడివాళ్ళు సోడి అంబలి, అదే రాగి అంబలి, పోసి, కాళ్ళకి గుడ్డలు చుట్టి, బండి కట్టి పర్లాకిమిడిలో రైలెక్కించారు. కొండకి అటు అంబలి తాగుతున్న మనిషికి కొండకి ఇటు బూటు పాతిపెట్టారన్నమాట. ఆమె నవ్వుతూనే ఏడ్చింది. నేను ఒక్కో మాటా తెలుగులో చెబుతున్నాను, జగన్నాధం ఫోనుకేసి చేతులు జోడించి కూర్చున్నాడు.

తరవాత ఆమె ఒక ఫొటో చూపించింది. నాన్నగారి తొంభయ్యో పుట్టినరోజుదట. మధ్యలో కుర్చీలో ఎండిపోయిన పొట్టి ముసలాయన, ఆయన వెనకా పక్కనా ఒళ్ళోనూ కొడుకులు, కోడళ్ళు, మనవలు, మునిమనవలు. తెర పట్టనంతమంది. ఇప్పటికీ ఏటా ఆయన పుట్టినరోజుకి అందరూ సమాధి దగ్గర చేరి, పూలు పెట్టి, అక్కడే భోజనాలు చేస్తారట. జగన్నాధం ముందుకు వంగి ఒక్కో మొహమే చూశాడు.

"మా నాన్నకి ఇన్నేళ్ళూ భోజనం పెట్టారు. మీ కుటుంబాన్ని కూడా చూడాలనుంది. మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు?" అని ఆమె అడిగింది. తెలుగులో చెప్పాను.

జగన్నాధం నా మొహం చూడలేదు. "అందరూ ఉన్నారని సెప్పండమ్మా," అన్నాడు.

అలాగే చెప్పాను.

ఫోను పెట్టేశాక కాఫీ ఇస్తే గ్లాసు చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. "ఆ బాబు పోయిన మాట నిజమే కదా జగన్నాధం, ఇకనుంచైనా నువ్వు పెట్టే ఆకు ఆయనకి చెల్లుతుంది," అని ఏదో అనబోయాను.

"ఆడికి మనమెందుకమ్మా? సూసేరు కదా, ఎంతమందో! ఆడికి ఆకలెక్కడిది?" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ఈశ్వరి ఇన్నాళ్ళూ ఎవులితో మాటాడినాదో," అన్నాడు. అది నన్నడిగిన ప్రశ్న కాదు.

నాకు అప్పుడు తెలిసింది నేను చేసిన పనేమిటో. ఈ లోకంలో అతనిలాగే ఎవరూ లేనివాడు ఒకడున్నాడని అతని ధైర్యం. ఆ ఒక్కణ్ణీ వెతికి వెతికి ఇంతమంది చుట్టాలతో సహా తెచ్చి చూపించాను. ఇంజను ముక్క సంచిలో పెట్టబోతే వద్దన్నాడు. అది కావలసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇచ్చెయ్యమన్నాడు. తరవాతి మంగళవారం రాలేదు, ఆ పై మంగళవారమూ రాలేదు. ఫోను చేస్తే, "పొలంలో పనున్నాదమ్మా," అని పెట్టేసేవాడు. రెండో గ్లాసు పాలు తోడేసుకున్నాను.

పెద్దల అమావాస్యనాడు ఉండబట్టలేక ఆటో కట్టించుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. పిలవని పేరంటమే. మనిషి ఎలా ఉన్నాడో చూసి నాలుగు చివాట్లు పెట్టి వద్దామనుకున్నాను. దారిలో అతని పొలం కనిపించింది. దిబ్బ లేదు. ఆ మేరంతా చదునుగా ఉంది, జానెడేసి కంది మొక్కలు లేచాయి.

జగన్నాధం పెరట్లో ఉన్నాడు. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, అలికిన నేల మీద అడ్డాకు విస్తళ్ళు వరసగా వేశాడు. నన్ను చూసి పీట వాల్చాడు గాని ఎందుకొచ్చారని అడగలేదు.

"దిబ్బ దున్నేశావా?" అన్నాను.

"తవ్వి సూసినానమ్మా. బూటు మడమ ముక్కొకటి ఉన్నాది, ఇంకేటీ లేదు. మరెందుకు ఆ సోటు కాళీగా వొగ్గీడం? కందులు సల్లినాను."

మళ్ళీ పనిలో పడ్డాడు. తాత ఆకు దగ్గర నిలబడి తాతని పిలిచాడు. తరవాత తండ్రినీ, తల్లినీ పిలిచాడు. ఈశ్వరిని పిలిచినప్పుడు గొంతు తగ్గించాడు, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు. వరస చివర, దొరకి వేసే చోట, ఇంకో ఆకు ఉంది. దాని మీద గుడ్డు లేదు, బన్ను లేదు. అన్నం, వంకాయ కూర, వేయించిన ఎండు నెత్తళ్ళు, గ్లాసులో సోడి అంబలి ఉన్నాయి.

"ఇదెవరికి?"

"నాకే."

నాకు కోపం నషాళానికంటింది. "బుద్ధుందా నీకు? బతికుండగా ఇవేం పనులు? ఎవరూ లేనివాళ్ళు గయ వెళ్ళి తమ పిండం తాము పెట్టుకుంటారు గాని, ఇంట్లో కూర్చుని పెట్టుకుంటారా?"

"గయ దూరమమ్మా. పెరడు దగ్గిర," అన్నాడు. "ఆ దొరకి బతికుండగానే ఎట్టినాం, ఏటయినాది? నిండా బతికేడు. నాకూ ఏటీ అవ్వదు లెండి."

నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. అతను ఆకు ముందు నిలబడి నోరు తెరిచాడు. మూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాకేసి తిరిగాడు.

"పెద్దల్ని పేరెట్టి పిలవాల. నా పేరు నానే పిలుసుకుంతంటే ఏదోలాగున్నాదమ్మా, నోరు రాకుంటన్నాది. సచ్చినాక ఎలాగూ ఎవులూ పిలవరు. పిలుపు ఎలాగుంటాదో ఒక్కపాలి ఇందామని. మీరు పిలుత్తారా?"

నేను వద్దనవలసింది. అశుభమనవలసింది. పీట మీంచి లేచి, అతను ఈశ్వరి ఆకు దగ్గర నిలబడ్డట్టే ఆ ఆకు దగ్గర నిలబడ్డాను.

"జగన్నాధం! ఓ జగన్నాధం! రావయ్యా, పొద్దెక్కిపోయింది. వచ్చి నీ బువ్వ తిను."

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. నేను ఇంకోసారి పిలవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాలమ్మా," అన్నాడు. "ఇనపడ్డాది."